నెత్తురు రాని చిగుర్లు

మా బ్యాండ్ల ఒక రివాజు ఉంది. దీపావళి పోయి తులసి పెండ్లి అయినంక నాందేడ్ల లగ్గాలు మొదలైతయి. మొదటి లగ్గానికి ముందటి రోజు పొద్దున మా ఉస్తాద్ గంపెడు జాంకాయలు తెస్తడు. మెత్తగ పండినయి గాదు, దోరవి, లోపల పాలలెక్క తెల్లగ ఉండేటియి. ట్రంపెటోళ్లు, క్లారినెటోళ్లు, నోటితోటి ఊదేటోళ్లందరు వరుసగ నిలబడి తలా ఒకటి కొరకాలె. కొరికిన కాయ ఉస్తాద్ చేతికియ్యాలె. ఆయన కండ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, కొరికిన జాగను ఎండకు పట్టి చూస్తడు. తెల్లగుంటే తలకాయ ఊపుతడు. ఎర్రగ గీత పడితే మూలకున్న డోలు దిక్కు వేలు చూపిస్తడు. చిగుర్లు మంచిగయ్యేదాక ఆ మనిషి డోలు గొట్టాలె.

నెత్తురు గారే చిగురు మీద ఇత్తడి ఒత్తితే పెదిమె వాస్తదట. పెదిమె వాస్తే పెండ్లికొడుకు గుర్రం దిగకముందే సుర్ తప్పుతదట. ఈ తెలివి ఆయనకు ఆయన ఉస్తాద్ ఇచ్చిండు, ఆయనకు ఇంకో ఉస్తాద్. అన్నిటికంటె మొదటి ఉస్తాద్‌కు ఎవ్వలు చెప్పిండ్రంటే, జాంకాయలమ్మే మనిషే చెప్పి ఉంటడని నా అనుమానం.

ముందటేడు నా కాయ మీద ఎర్రగీత పడ్డది. పైకి మంచిగైనట్టు కనబడేదాక పదిహేను రోజులు డోలు గొట్టిన. ట్రంపెట్ ఊదేటోడు డోలు గొడ్తుంటే, పెండ్లికొడుకును గుర్రం మీదికెల్లి దించి గాడిద మీద కూసోబెట్టినట్టుంటది. కానీ ఆ తర్వాతి ఏడు నా జాంకాయ చూడాలె. కొరికిన జాగ మంచులెక్క ఉండె. ఉస్తాద్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"అరె వా! మసూడే హై కి సంగ్‌మర్మర్?" అన్నడు. నీయి చిగుర్లా, చలువరాళ్లా అని.

"మీ దువా ఉస్తాద్" అన్న, తల వంచి. దువా గాదు. జేబుల ఉన్న గొట్టం.

ఆ గొట్టం కథ చెప్పాలంటే నా కథ జర చెప్పాలె. మా బాపు నిజామాబాద్ దిక్కు నుంచి రైల్వేల గ్యాంగ్‌మన్ నౌకరీ మీద నాందేడ్ అచ్చి, గీన్నే ఉండిపోయిండు. నేను ఎనిమిదిల బడి ఇడిసిపెట్టిన. మరాఠీ బడి. నేను లెక్కల పుస్తకం మీద తబలా వాయిస్తుంటే గురూజీ చూసి, "నువ్వు బ్యాండ్ల చేరనీకే పనికొస్తవు" అని తిట్టిండు. పెద్దోళ్ల మాట ఇనాలె గద, చేరిన. అప్పటికెల్లి ట్రంపెటే నా బువ్వ. బీడీ, సిగరెట్ ముట్టలే, ఎందుకంటే నా ఊపిరే నా దుకాణం. దుకాణానికి నిప్పు పెట్టుకుంటారా ఎవ్వలన్న?

మా బావమరిది హైదరాబాద్ల సెల్‌ఫోన్ల కవర్లు అమ్మే దుకాణంల పనిజేస్తడు. పోయిన బోనాలకు ఇంటికొచ్చి, సిరా పెన్నులెక్క నున్నగున్న ఒక గొట్టం నా చేతిల పెట్టిండు.

"బావా, ఇది పొగ గాదు. ఆవిరి. మామిడిపండు వాసన. వేపు అంటరు."

మా ఇంటామె అందుకున్నది. "గది అమ్ముడు బంద్ చేసిండ్రంట గద దేశంల?"

"అమ్ముడు బంద్ అక్కా. నేను అమ్ముతున్ననా? బావకు కానుక ఇస్తున్న."

"మంచి కానుక దొరికింది. ఈయన నోరు మూతవడనీకి ఏమన్న ఉంటే తేవద్దా?"

నోరు మూతవడలే గని, తెల్లటి మబ్బులు మాత్రం అచ్చినయి. ఆ రోజులు తలుసుకుంటే నాకు ఇప్పటికీ ఎండ తక్కువైనట్టనిపిస్తది. మధ్యాహ్నం బువ్వ తిని డాబా మీదికి పోయి, నీళ్ల ట్యాంకు నీడల పండుకొని గొట్టం పీల్చేటోన్ని. ఆవిరి మెల్లగ లేచి, ఆరేసిన చీరల నడుమకెల్లి పోయి, పట్టాల మీదికి దిగేది. సికింద్రాబాద్ బోయే బండి కూత ఆ మబ్బులకెల్లి మెత్తగ వినబడేది, దూదిల చుట్టి పంపినట్టు. కండ్లు మూసుకుంటే మా బ్యాండంతా గోదారి మీద నడుస్తుండె. ఎర్ర కోట్లు, బంగారు కుచ్చులు, కాళ్లకు తడి లేదు. నేను అందరికంటె ముందు. నేను ఊదిన ఒక్కొక్క సుర్ మామిడిపండు రంగుల నీళ్ల మీద తేలుకుంట పోతుండె. ఎవ్వల లగ్గమో తెల్వదు. అది తెల్వకపోవుడే మజా.

కిందికెల్లి మా ఇంటామె కేకేసేది. "ఏందయ్యో, అగర్‌బత్తి మింగినవా? ఇల్లంత పండ్ల దుకాణం లెక్క గొడ్తుంది!"

"పండ్ల దుకాణమోని పెండ్లాం అనిపించుకో, తక్కువనా?"

నోరు ఎండేది, అది నిజం. పొద్దున లేస్తే నాలుక అంగిలికి అతుక్కొని ఉండేది. ఊదుతుంటే పెదిమె ఇత్తడికి అంటుకొని ఊడి రాకపొయ్యేది. రెండు పాటలకోసారి నీళ్లు తాగేటోన్ని. గియ్యన్ని లెక్కవెట్టలే. ఎందుకంటే పొద్దున పళ్లు తోముకుంటే నురగ తెల్లగ వస్తుండె. ముందటేడు రోజు గులాబీ రంగుండేది. వేపు షురూ జేసిన నెల రోజులకు తెల్లగైంది. ఇగ మీరే చెప్పండ్రి, ఎనిమిది సదివినోడు ఏమనుకుంటడు? ఇది చిగుర్లకు మందు అనుకుంటడు. గదే అనుకున్న. జాంకాయ గూడ అవునన్నది. ఆ రోజు నా కాయ చూసి, మా క్లారినెటోళ్లు ఇద్దరు మెల్లగ నా పక్కకు జరిగి "ఏం వాడుతున్నవ్ భావూ?" అన్నరు. బావమరిదికి ఫోన్ జేసి ఇద్దరికీ తెప్పించిచ్చిన. పుణ్యం జేస్తున్న అనుకొని ఇచ్చిన.

మాఘమాసంల ఒక మధ్యాహ్నం లగ్గం. పెండ్లిపిల్ల ఇంటి సందులకు తిరిగినం. అక్కడ పాట పైకి ఎక్కుతది, ట్రంపెట్ ఒక్కటే మీదికి పోయి నిలబడాలె. నేను కండ్లు మూసుకొని ఇత్తడిని ఒత్తి ఊదిన. ఊదంగనే పైపళ్లల్ల ముందటిది, ఎడమది, ఎనక్కి జరిగి మల్ల జాగకు అచ్చింది. ఎవ్వలో తలుపు జర తెరిచి, లోపలికి తొంగిచూసి, మల్ల మూసినట్టు. నొప్పి లేదు. నెత్తురు లేదు. సుర్ మాత్రం పక్కకు ఒరిగింది. గుర్రం గూడ చెవులు నిలబెట్టింది.

ఇంటికొచ్చి నాలుకతోటి తోసి చూసిన. కదిలింది. ఇంకోసారి తోసిన. ఇంకోసారి కదిలింది. మంచి పని దొరికింది నాలుకకు, పొద్దుందాక అదే.

బాపు అరుగు మీద కూసొని చాయ్ తాగుతుండె. ముప్పై ఏండ్లు పట్టాల మీద నడిచిన మనిషి. సుత్తెతోటి కొట్టి, సప్పుడు ఇని, ఏ స్లీపర్ కింద ఏమైందో చెప్పెటోడు.

"నొస్తుందా?" అన్నడు.

"లేదు బాపూ."

"నెత్తురు?"

"సుక్క లేదు."

"మరి కదులుతుందా?"

"కదులుతుంది."

చాయ్ కప్పు కింద పెట్టిండు. "గదే ఖరాబ్ పని. పట్టా మెరుస్తనే ఉంటది, స్లీపర్ మంచిగనే కనబడ్తది. కింద కంకర జారిపోయిన సంగతి బండి మీదికి అచ్చినంకనే తెలుస్తది. నొప్పి లేదని ఖుషీ పడకు. రేపే దవాఖానకు పో."

పళ్ల డాక్టరమ్మ ధర్మాబాద్ పిల్ల. ఆమె బాపు అక్కడి మొండా బజార్ల ధాన్యం తూకమేసెటోడంట. నా తెలుగు విని ఆమెకు, ఆమె తెలుగు విని నాకు జర పానం నిమ్మలమైంది. బయట బెంచీ నిండ మనుషులున్నరు. ఆమె గీతలున్న సన్నటి పుల్ల తీసి పన్నుకూ చిగురుకూ నడుమ దించింది. నేను అద్దంల చూస్తున్న. అది దిగుతనే ఉంది. గింతసేపు దిగనీకి అక్కడ ఏముందని, బావి తవ్విండ్రా ఎవ్వలన్న?

"అన్నా, సిగరెట్ తాగుతవా?"

"అబ్బే. ఊపిరి నా దుకాణం మేడం."

"మరింకేమన్న పీలుస్తవా?"

"ఆవిరి" అన్న, చిన్నగ.

ఆమె పుల్ల పక్కకు పెట్టింది. "ముందు అది బంద్ చెయ్యి. ఎనిమిది రోజులకు రా, చిగుర్ల లోపల శుభ్రం చెయ్యాలె. అప్పుడు కూసోబెట్టి అన్నీ చెప్త."

ఇంటికొచ్చి గొట్టం మా ఇంటామె చేతిలవెట్టిన. ఆమె దాన్ని పెట్టెల, పెండ్లి చీర మడతల నడుమ పెట్టి తాళమేసింది. ఆరు రోజులు ఇంట్ల ఎవ్వలూ నాతోటి మాట్లాడలే. మాట్లాడితే కరుస్తనని భయం. ఏడో రోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే నురగ గులాబీ రంగైంది. ఎనిమిదో రోజు ఎర్రగైంది. రొట్టె కొరికితే రొట్టె మీద ఎరుపు.

ఎనిమిదో రోజు డాక్టరమ్మ కాడికి పోవాలె. పోలే. నా తెలివి చూడండ్రి. గొట్టం ఉన్నన్ని రోజులు సుక్క లేదు, బంద్ జేస్తే ఏరు పారుతుంది, అంటే గొట్టమే పన్నును పట్టుకొని ఉండె, డాక్టరమ్మ మాట ఇని సిమెంట్ పీకేసిన, అనుకున్న. మా ఇంటామె బజారుకు పోయిన మోకా చూసి పెట్టె తాళం తీసి, చీర మడతలల్లకెల్లి గొట్టం తీసుకొని డాబా ఎక్కిన. మల్ల మబ్బులు. మల్ల గోదారి మీద బ్యాండ్. పది రోజులల్ల నురగ తెల్లగైంది.

ఇగ నాకు గర్వం ఆగలే. డాక్టరమ్మకు తెల్వని సంగతి నేను కనిపెట్టిన గద, చెప్పకపోతే పాపం. పోయి కుర్చీల కూసొని, ముందటేడు కారిన నెత్తురు, ఎండిన నోరు, అన్నీ చెప్పిన. "మేడం, మీకు కోపమొస్తే రానీ. మీ మాట కంటె నా ఆవిరే నయం. చూడుండ్రి, నెత్తురు ఉందా?"

ఆమె మొదలు నవ్వింది. నవ్వి, అద్దంతోటి నోట్ల చూసి, నవ్వు ఆపేసింది.

"అన్నా, చిగురు నెత్తురు ఎందుకు కారుస్తదో తెలుసా? పన్ను మొదట్ల మురికి చేరితే, దాంతోటి కొట్లాడనీకి నెత్తురు ఉరికొస్తది. చిగురు ఉబ్బుతది, బ్రష్ తాకితే కారుతది. అది నిన్ను పిలుచుడు. నీ గొట్టంల ఉన్న నికోటిన్ నెత్తురు నాళాలను సన్నగ జేస్తది. రావాల్సిన నెత్తురు రాదు. పిలుపు ఆగుతది, రోగం ఆగదు. నోరు ఎండుతుందన్నవ్ గద? ఉమ్మి తక్కువైతే మురికికి ఇంకా పండుగ. లోపల ఎముక కరుగుతనే ఉంటది, నీకు తెల్వకుంట."

"మరి బంద్ జేస్తే ఎందుకు కారింది?"

"పోయిన నెత్తురు మల్ల తిరిగి అచ్చింది గనుక. కొన్ని వారాలు గట్లనే ఉంటది. శుభ్రం జేస్తే మెల్లగ తగ్గుతది. నీ చిగురు లేచి కూసున్నది అన్నా. నువ్వు భయపడి దాని గొంతు పిసికినవ్."

"బీడీ కంటె నయం గద?" అన్న. ఏదో ఒకటి గెలవాలె గద మనిషి.

"ఎంత నయమో, ఎంత గాదో పెద్ద పెద్ద డాక్టర్లు ఇంకా చూస్తున్నరు. వాళ్లు చూసి చెప్పేదాక నీ పన్ను ఆగేటట్టు లేదు."

ఎక్స్‌రే తీసి చూపించింది. నల్లటి ఆకాశంల తెల్లటి పళ్లు. మిగిలిన పళ్ల చుట్టూ తెల్లటి గట్టు ఉంది. నా ఎడమ పన్ను చుట్టూ ఉన్న గట్టు సగానికి కిందికి పోయి, వానలకు కోసుకపోయినట్టుండె. పన్ను ఒక్కటే అక్కడ నిలబడి ఉంది. నేను చానాసేపు దాన్నే చూసిన. డాబా మీద పండుకొని కన్న కలలన్ని గా గట్టును తినుకుంట కన్నట్టుంది.

"ఇదంత గొట్టం చేసిందేనా?"

"కాదు. ముందటేడు నెత్తురు అచ్చినప్పుడే మొదలైంది. అప్పుడే రావాల్సింది నువ్వు. గొట్టం దాన్ని దాచిపెట్టింది, పెంచింది."

"పన్ను ఉంటదా?"

"మాటియ్యలేను. పోయిన ఎముక మల్ల రాదు. ఉన్న ఎముక ఉంటది, నువ్వు ఉండనిస్తే. మూడు నెలలు ట్రంపెట్ పెదిమెలకు తాకనియ్యకు."

మూడు నెలలంటే వైశాఖం దాక. అంటే లగ్గాలు చానామట్టుకు పోయినట్టే. నేను ఏదన్న జోకు చెప్దామనుకున్న. నోట్ల ఆమె వేళ్లున్నయి.

తెల్లారి ఉస్తాద్ ఇంటికి పోయిన. ఆయన ముంగట గచ్చు మీద ట్రంపెట్లు వరుసగ పెట్టి చింతపండు పెట్టి తోముతుండు. జరిగింది జరిగినట్టు చెప్పిన, గొట్టం సంగతి, క్లారినెటోళ్లకు తెప్పించిచ్చిన సంగతి, అన్నీ. నవ్వించుకుంట చెప్దామని పోయిన గని, నడుమల నవ్వు రాలే.

ఉస్తాద్ చేతిల ఉన్న ట్రంపెట్ కింద పెట్టిండు. తర్వాత దక్కనీల అడిగిండు, "అంటే నేను ఎండకు పట్టి చూసింది ఏంది?"

"తెల్లగ ఉన్నది చూసిండ్రు ఉస్తాద్. మీ తప్పు లేదు. నేనే పొగ కప్పి చూపించిన."

"ఇద్దరినీ తోలుకొని పో ఆ డాక్టరమ్మ కాడికి. ఇయ్యాల్నే." తర్వాత నా దిక్కు చూడకుంటనే చెప్పిండు. "మొదటి ట్రంపెట్ నీ పక్కోడు ఊదుతడు. నువ్వు డోలు."

క్లారినెటోళ్లు దారి పొడుగూత నన్ను మరాఠీల తిట్టిండ్రు. ఒకడైతే మా తాతల దాక పోయిండు. ఇద్దరి చిగుర్లూ అప్పటికింకా పాడు కాలే. అది విన్నంక తిట్లు జర తియ్యగనే వినబడ్డయి.

నాకు మాత్రం నాలుగు సార్లు సూదిచ్చి, మొద్దుబారిపిచ్చి, చిగుర్ల లోపల గీకి శుభ్రం చేసిండ్రు. కదిలే పన్నును పక్క పళ్లకు లోపలికెల్లి సన్నటి తీగతోటి కట్టిండ్రు. మా ఇంటామె గొట్టాన్ని ఈసారి పెట్టెల పెట్టలే. బావమరిదికి ఫోన్ జేసి, "ఇంకోసారి ఇసొంటి కానుక తెస్తే నీ చెవులు కోసి మీ బావ ట్రంపెట్‌కు కడ్త" అన్నది. నెత్తురు నెల దాక వస్తనే ఉండె. ప్రతి పొద్దున నురగ ఎర్రగైతే గొట్టం యాదికొచ్చేది. పీల్చాలనిపించేది. పీలిస్తే ఆగుతదని తెలుసు గద, అదే నరకం. ఆమె పక్కన నిలబడి చూసేది.

"ఎట్లుంది ఇయ్యాల?"

"నిన్నటి కంటె తక్కువ ఎరుపు."

"అబద్ధమా?"

"సగం."

మెల్లగ గులాబీ రంగైంది. తర్వాత తెల్లగైంది, ఈసారి ఊరికెనే. ఆ తెలుపు నేను మా ఇంటామెను పిలిచి చూపించిన. ఆమె చూసి, నోరు కడుక్కో మొద్దూ అన్నది. ఆ మామిడిపండు ఆవిరి కింద మునిగిపోయిన వాసనలు గూడ తిరిగి అచ్చినయి. ఎండకాలంల మొదటి వాన పడ్డప్పుడు పట్టాల కంకర లేపే వాసన, నాకు తెలిసినదే, ఎన్ని రోజులకో అచ్చింది. డాబా మీద పండుకుంటే మబ్బులు ఉత్త మబ్బులే. గోదారి మీద బ్యాండ్ మాత్రం అప్పుడప్పుడు నడుస్తనే ఉంది, కాళ్లు తడుసుకుంట.

మూడు నెలలైనంక డాక్టరమ్మ రోజుకు పది నిమిషాలు ఊదనిచ్చింది. పొద్దుపొద్దున గోదారి గడ్డకు పోయి, ఇత్తడిని పెదిమెకు ఆనిచ్చిన. ఒత్తలే, ఊరికె ఆనిచ్చిన. చిగురు కిందికి దిగింది గనుక పళ్ల నడుమ నల్లటి సందు పడ్డది. గాలి సగం ఆ సందులకెల్లి ఈలేసుకుంట పోయింది. కింది సుర్లు అచ్చినయి, జర గరగర. పైది రాలే. ఒత్తితే అస్తదని పెదిమెకు తెలుసు. ఒత్తలే.

ఆఖరి లగ్గాలల్ల ఒకటి ధర్మాబాద్ల. ఉస్తాద్ నా మెడలకెల్లి డోలు తీసి ట్రంపెట్ ఇచ్చిండు. "నీచేవాలా," అన్నడు. అంటే కింది గొంతు, పాటను కిందినుంచి మోసుడు. మధ్యాహ్నం ఎండ, రైల్వే గేటు దాటి వరాత్ ఊరేగుకుంట పోతుంది. పైది పక్కోడు ఊదుతుండు, నేను వాని కింద కింద. ఇన్నేండ్లల్ల నేనెప్పుడూ ఆ కింది గొంతు వినలే, నా మీది గొంతే విన్న. అది మెల్లగ, గోదారి అడుగున రాళ్ల మీద నీళ్లు జరిగినట్టు పోతుంటది.

పాట ఎక్కే జాగ అచ్చింది. పెదిమె ఎవ్వలూ చెప్పకుంటనే బిగిసింది. ఇత్తడి పన్నును తాకింది, తీగ జర లాగింది. ఒక్కసారి ఒత్తితే పైది నాది. ఒక్క అడుగు పొడుగూత దాన్ని అట్లనే పట్టుకొని నడిచిన. తర్వాత పెదిమెను వదులుజేసి కిందికి దిగిన. పక్కోడు మీదికి పోయి నిలబడ్డడు. మంచిగనే నిలబడ్డడు, రాత్రికి రాత్రి మొలిచిన కుక్కగొడుగు లెక్క.

ఒక ముసలామె, పెండ్లిపిల్లకు నాయనమ్మ అయి ఉంటది, నా పక్కపొంట నడుస్తుండె. నా మోచెయ్యి పట్టుకొని చెవుల చెప్పింది.

"బిడ్డా, నువ్వు మెల్లగ మంచిగ ఊదుతున్నవ్. వాడెవడో గాని, చెవులు పలగ్గొడ్తుండు."

నేను గా మాట వానికి చెప్పలే. వాడు ఇంకా రెండు వీధులు ఊదాలె.